పదమూడో గుడ్డు

నాయుడుపేట నుంచి నేలపట్టుకి
ఒక మ్యాజిక్ బండి, పదమూడు మంది పిల్లలు,
నేను, ఆయా పోలమ్మ,
రెండు డబ్బాల పప్పన్నం,
పాత చీర ముక్కలో చుట్టిన గుడ్ల గిన్నె.
మెడల్లో పేరూ ఫోన్ నంబరూ రాసిన అట్టముక్కలు.
సత్రం చేరేలోపే రెండు నానిపోయాయి,
ఒకదాన్ని రిజ్వానా సగం నమిలేసింది.

లెక్కపెట్టడమే నా ఉద్యోగం.
బండి దిగినప్పుడు పదమూడు, గేటు దగ్గర పదమూడు,
కుళాయి దగ్గర పన్నెండు,
గుండె జారి, మళ్ళీ పదమూడు.

చెరువులో కడప చెట్లు
మొలలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాయి.
కొమ్మకొమ్మకీ రెట్ట,
ఏడాది పొడుగునా ఎవరో సున్నం కొడుతున్నట్టు.
హన్సిక ముక్కు మూసుకుంది:
"టీచర్, పిట్టలకి బాత్రూం కట్టీలేదా?"
వాచర్ చెంచయ్య చుట్ట చెవిలో దోపుకుని
"ఆ నీళ్ళేనమ్మా మా మళ్ళకి పారేది,
నువ్వు తినే బువ్వలో కూడా ఉండాది" అన్నాడు.
తర్వాత అన్నం తినిపించడానికి
నేను పడిన పాట్లు ఆయనకేం తెలుసు.

టవరు మీద దుర్భిణీ ఇచ్చారు.
జోయెల్ తిరగేసి పట్టుకుని
నన్ను చూసి ఏడుపు మొదలెట్టాడు:
"టీచర్ దూరంగా పొయ్యింది!"
ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చిన పక్షుల కింద
మిగతా వాళ్ళు గొంతుక్కూర్చుని
గండుచీమల బారు చూస్తున్నారు.
ఒక చీమ తనకన్నా పెద్ద మిడత కాలు మోస్తోంది.
పైకి చూడమని నేననలేదు.
నేనూ కాసేపు దాన్నే చూశాను.

పెంచల్ తేజకి మూడేళ్ళ పది నెలలు.
మాట తక్కువ.
నా పటంలో వాడి బరువు చుక్క
ఆర్నెల్లుగా పసుపు గీత మీదే కూర్చుంది.
వాడొక్కడే గూళ్ళవైపు చూస్తున్నాడు.
గూడబాతు నోరు తెరిచింది.
పిల్ల తల దూర్చింది, మెడ దూర్చింది,
భుజాల దాకా ఆ సంచిలోకి వెళ్ళిపోయింది.
వాడు ఒక్క కేక పెట్టాడు:
"మింగేస్తుండాది! బిడ్డని మింగేస్తుండాది!"

మింగడం లేదు నాయనా, బువ్వ పెడుతోంది,
ఆ సంచి నిండా చేపలు.
"అయితే గిన్నెలో పెట్టొచ్చుగా?"
నా దగ్గర జవాబు లేదు.
చెంచయ్య దగ్గరా లేదు.
పిల్ల బయటికొచ్చి రెక్కలు విదిలించుకుంది.
వాడు నమ్మలేదు.
ఇంకో గూట్లో ఇంకోసారి చూసి కూడా.

ఒంటిగంటకి కానుగ నీడలో
తలా ఒక గుడ్డు.
తేజ గుడ్డుని చూశాడు, గూళ్ళకేసి చూశాడు.
"ఇది ఎవురిది?"
కోడిది.
"కోడికి తెలుసా?"
పోలమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది.

బతిమాలాను. కాకెత్తుకుపోతుందన్నాను.
టీచర్ కోసం ఒక్క కొరుకు అన్నాను.
వేళ్ళతో వాడి పెదాలు విడదీయబోయాను.
ఆ చిన్న నోటి ముందు నా చెయ్యి
ఎందుకో పొడుగాటి ముక్కులా కనిపించి
వెనక్కి తీసుకున్నాను.

తిరుగు దోవలో
అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నిద్రపోయారు.
వాడు మాత్రం మేలుకునే ఉన్నాడు,
చొక్కా లోపల, పొట్టకి ఆనించి, గుడ్డు.
బండి గుంతలో పడ్డప్పుడల్లా
రెండు చేతులూ అడ్డం పెట్టాడు.
కదిలిందా, అని అడిగాను.
"ష్. నిద్రపోతుండాది."

సాయంత్రం రిజిస్టరు తెరిచాను.
హాజరు పదమూడు. ఇచ్చిన గుడ్లు పదమూడు.
తిన్నవి అనే గడి దగ్గర పెన్ను ఆగింది.
"పదమూడే రాసెయ్యమ్మా,
రేపు సూపర్‌వైజరొస్తే ఎవురు చెప్పుకునేది" అంది పోలమ్మ,
గిన్నె మీద పీచు ఆపకుండానే.

పన్నెండు రాశాను.

ఉడికిన గుడ్డు.
ఎల్లుండికల్లా కంపు కొడుతుంది.
వాళ్ళమ్మకి ముందే ఫోన్ చేసి చెప్పాలి.